పాసే, పిన్నీ

మొన్న వాన వెలిసిన సాయంత్రం మా మేనకోడలు స్కూటీ మీద ఖరగ్‌పూర్‌లో నేనుండే ఝపటాపూర్ పేటకు వచ్చింది. మేనకోడలంటే అక్క కూతురు కాదు. మా మేనత్త కొడుకు, నేను బావా అని పిలిచే మనిషి ఉన్నాడు, ఆయన కూతురు. నేనిక్కడ ఒక బెంగాలీ కుటుంబం వాళ్ళ మేడ మీద గదిలో ఒక్కణ్ణే ఉంటాను. నా గదికి మనుషులు రావడం తక్కువ. మెట్ల మీద చప్పుడైతే కింద వాళ్ళ చుట్టాలెవరో దారి తప్పి పైకి వస్తున్నారనుకుంటాను, వాళ్ళూ సాధారణంగా తప్పే వచ్చి ఉంటారు. అందుకని తలుపు తీసి ఆ పిల్లను చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం కొంచెం ఎక్కువే. ఉన్న ఒక్క కుర్చీ ఆమెకిచ్చి నేను మంచం మీద కూర్చున్నాను. ఆమె ల్యాప్‌టాప్ తెరిచి నా మోకాళ్ళ ముందు పెట్టింది. ఊళ్ళోనే ఒక బ్యాంకులో ఉద్యోగం. ఆర్థిక విశ్లేషకులకు పెట్టే పరీక్ష ఒకటి రాస్తోంది, అది మూడు మెట్లట. మొదటి మెట్టు మీదే ఒకసారి కాలు జారింది. రెండోసారికి ఎలా చదవాలో ప్లాను వేసుకుని, రంగురంగుల గళ్ళు గీసుకుని, దాన్ని నాకు చూపించడానికి వచ్చింది.

నేను కళ్ళజోడు పెట్టుకుని సలహాలు మొదలుపెట్టాను. ఏ సబ్జెక్టు పొద్దున్న, ఏది సాయంత్రం, ఎక్కడ ఆగి వెనక్కి తిరగాలి, పాత ప్రశ్నలు ఎప్పుడు ముట్టుకోవాలి. మనిషి దొరక్క దొరక్క దొరికితే ఎంత మాట్లాడతామో అంతా మాట్లాడాను. ఆ పిల్ల బుద్ధిగా అన్నీ విని, ల్యాప్‌టాప్ మూసి, కిటికీ వైపు చూస్తూ అంది: “మీరిద్దరూ ఒకే వరండాలో, ఒకే పుస్తకాలు సదివినారంట కదా మావయ్యా. నువ్వు పాసైనావు, నాన్న అవలేదు. నాకు బుర్ర సాలలేదమ్మా, మావయ్యది బుర్రంటే, అంటాడు నాన్న. నాకు నాన్న బుర్రే వచ్చినాదేమోనని బయమేస్తంది.”

ఇంకోసారి చెబుతానులే అని ఏదో గొణిగి, గొడుగు ఇచ్చి పంపించాను. వాన లేదు కదా మావయ్యా అని నవ్వుతూనే ఆ పిల్ల గొడుగు పట్టుకెళ్ళింది.

నేను ఆ పరీక్ష ఎప్పుడూ పాసవలేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఖరగ్‌పూర్‌లో మా చర్చివాళ్ళు, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మా రైల్వే కాలనీ తెలుగువాళ్ళు, ఇక్కణ్ణుంచి విశాఖ దాకా పరుచుకున్న మా చుట్టాలు, అందరికీ తెలిసిన సంగతి ఒకటి, జరిగింది ఇంకొకటి. జరిగింది చెబుతాను.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మేనత్త భర్త, అంటే మా మావయ్య, గూడ్సు బండ్ల డ్రైవరు. రెండు కుటుంబాలూ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోనే, నడిచి వెళ్ళే దూరంలో ఉన్న రెండు క్వార్టర్లలో ఉండేవి. మా తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, చేపల బజారులో బెంగాలీ. ఇక్కడ మగపిల్లవాడు పుడితే వర్క్‌షాపులోకి వెళతాడా, బండి ఎక్కుతాడా అన్నదే ప్రశ్న. అలాంటి చోట నేనూ బావా కామర్సు చదివి, కాస్ట్ అకౌంటెన్సీ పరీక్షకు కడతామన్నప్పుడు పెద్దవాళ్ళకు అదేమిటో అర్థం కాలేదు. వస్తువు తయారవడానికి ఎంత ఖర్చయిందో లెక్క తేల్చే చదువని బావ నాన్నకు చెప్పాడు. నాన్న చాలాసేపు ఆలోచించి, అది వస్తువు చేసినవాణ్ణి అడిగితే సరిపోదా అన్నాడు.

బావ నాకంటే ఏడాది పెద్ద. చదువులో ఇద్దరం సమానమే, కానీ ఉత్సాహం అంతా ఆయనది. ఎలా చదవాలన్నది ముందు తేల్చుకోవాలన్నాడు. తేల్చుకోవడానికి మాకు పండగ సెలవులన్నీ పట్టాయి. చదవడం కంటే చదువుకు ప్లాను వేసుకోవడం ఎంత సుఖమైన పనో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. ప్లానులో మనకు నిద్ర రాదు, జ్వరం రాదు, చుట్టాలు రారు, ఏ అధ్యాయమూ కొరుకుడు పడకుండా ఉండదు. మావయ్య పనిచేసే చోట డ్రైవర్లకు ఏ రోజు ఏ బండి, ఎక్కడ దిగాలి, ఎంతసేపు విశ్రాంతి అని వరసగా రాసిన డ్యూటీ పట్టిక ఉంటుంది. దాన్ని లింకు అంటారు. బావ మా చదువుకు లింకు వేశాడు. కాస్టింగు, అకౌంట్సు మెయిలు బండ్లు. లా, మిగతా థియరీ గూడ్సులు. మెయిలు వస్తుంటే గూడ్సు లూపు లైనులో ఆగి దారి ఇవ్వాలన్నది నియమం. వర్క్‌షాపు సైరన్‌తో మొదలు, మావయ్య డ్యూటీలో ఉంటే వాళ్ళ వరండా, ఇంట్లో నిద్రపోతుంటే మా వరండా. మేనత్త మాకు టీ తెచ్చి, “ఏటి బాబూ, ఇప్పుడు బండెక్కడుంది?” అని అడిగేది. “టాటానగర్ దాటినాది,” అనేవాడు బావ, పేజీ తిప్పుతూ.

ఆ రోజులు బాగుండేవి. బావ లెక్క చేస్తూ పెదవులు కదిపేవాడు, చివరి అంకె సరిపోతే పెన్సిల్‌తో నా తల మీద ఒకటి తట్టేవాడు. వాళ్ళ వరండాలో పాత పేము కుర్చీ ఒకటుండేది, అది ఇద్దరిలో ముందు వచ్చినవాడిది, రెండోవాడు మెట్టు మీద. నేను చాలావరకు మెట్టు మీదే కూర్చున్నాను. మనిషి పక్కన మనిషి కూర్చుని చదువుతుంటే మన పేజీ మనకు కొంచెం తేలికవుతుందన్న సంగతి అప్పుడు నాకు తెలియదు, ఆ పక్కన కూర్చునే మనిషి లేకుండా పోయాక తెలిసింది. పరీక్షలో మొదటి భాగాన్ని మొదటి గ్రూపు అంటారు, అది ఇద్దరం కలకత్తా వెళ్ళి రాసి వచ్చాం. తిరుగు ప్రయాణంలో మరమరాల ఝాల్‌మూడీ తింటూ, లా పేపరు సంగతి మాత్రం ఎత్తలేదు. మా లింకులో మెయిళ్ళు ఎక్కువైపోయి లా బండి లూపులోంచి సరిగ్గా బయటికే రాలేదు.

ఫలితాలు పోస్టులో వచ్చేవి. బావకు ఫలితం వచ్చిన రోజు పొద్దున నేను ఊళ్ళో లేనట్టే, పాసుల ఆఫీసులో ఉన్నాను. విశాఖలో అక్కకు పురుడు, అమ్మ వెళ్ళాలి. రైల్వే కుటుంబానికి ఏటా ఇచ్చే ఉచిత ప్రయాణపు పాసు మాకు ఆ ఏడు చిక్కుబడిపోయింది. నాన్న సర్వీసు కాగితాల్లో అమ్మ పేరు ఒకలా, కొత్త దరఖాస్తులో ఇంకోలా ఉంది. ఈ చిక్కు మా క్వార్టర్ల వరసలో అందరికీ తెలుసు, రోజూ ఎవరో ఒకరు “పాసేటైంది” అని అడిగేవారు. అందరూ దాదా అని పిలిచే అక్కడి గుమాస్తా ఒక బెంగాలీ పెద్దాయన, ఇద్దరు భార్యలున్నారా మీ నాన్నకి అని నన్ను హాస్యమాడి, చివరికి సరిచేసి ఇచ్చాడు. పాసు చొక్కా జేబులో పెట్టుకుని సైకిలెక్కాను.

మా వెనక వరస క్వార్టర్‌లో ఒక పిన్ని ఉండేది. సొంత పిన్ని కాదు, చర్చిలో అమ్మ పక్కన కూర్చునే ఆవిడ. కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి అడిగింది: “ఏరా, పాసేనా?”

“పాసే, పిన్నీ. ఇప్పుడే సేతికొచ్చినాది.”

“దేవుడికి స్తోత్రం,” అంది పిన్ని. మా వాళ్ళు గ్యాసు సిలిండరు వచ్చినా స్తోత్రమే అంటారు కనక నాకేమీ తేడా అనిపించలేదు.

ఇంటికి వెళ్ళే దారిలో సైకిలు పంక్చరైంది. వెనక్కి బజారు దాకా నడిపించుకెళ్ళి అది వేయించుకుని, టీ తాగి, నెమ్మదిగా ఇల్లు చేరాను. పంక్చరవకపోతే నా జీవితం వేరుగా ఉండేదని చాలాసార్లు అనుకున్నాను కానీ, అలా అనుకోవడం కూడా ఒక తప్పించుకోవడమే. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పెరటి గోడలు పొట్టివి, మాట నాకంటే ముందే ఇంటికి చేరింది. నేను లోపల అడుగు పెట్టేసరికి అమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద ఉంది. పక్కింటివాళ్ళు గుమ్మంలో ఉన్నారు. నాన్న, సైరన్ కాకుండా వర్క్‌షాపు వదలని మనిషి, ఎవరో కబురు చెబితే పర్మిషన్ అడిగి వచ్చేశాడు. చేతులు కడుక్కోకుండానే నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన నన్ను ముట్టుకున్నది నాకు గుర్తున్నంతలో అదొక్కసారే. నా చొక్కాకు నూనె మరక అయింది. జేబులోంచి పాసు తీసి అమ్మకు ఇచ్చాను. “ఇదీ వచ్చినాదా, ఒకే దినం రెండు,” అంది అమ్మ. అప్పుడర్థమైంది నాకు, పిన్ని అడిగింది పరీక్ష సంగతని.

చెప్పేద్దామని నోరు తెరిచాను, నిజం. కానీ ఆ క్షణంలో నాకొక ఆలోచన వచ్చింది. నా ఫలితం ఇంకా రాలేదు. ఇవాళో రేపో వస్తుంది. పాసవనని ఎవరు చెప్పగలరు? పాసైతే ఈ సంతోషం రెండు రోజులు ముందుగా వచ్చిందంతే. ఈలోపల దీన్ని పాడుచేయడం ఎందుకు? నోరు మూసుకున్నాను. నాన్న బెంగాలీ మిఠాయి దుకాణం నుంచి సందేశ్ తెప్పించి వరస అంతా పంచాడు.

సాయంత్రం బావ వచ్చాడు. తన ఫలితం పొద్దున్నే వచ్చిందని, పోయిందని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. నన్ను గట్టిగా కావలించుకుని, “నాది పోనాదిరా. పర్లేదు. ఒకడికొస్తే ఇద్దరికీ వచ్చినట్టే,” అన్నాడు. ఆయన మొహం చూడలేక నేను ఆయన భుజం మీదుగా గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

ఆదివారం చర్చిలో అమ్మ కృతజ్ఞతార్పణ ఇచ్చింది. మా చర్చిలో అది మామూలే. పిల్లవాడు పుట్టినా, ఉద్యోగం వచ్చినా, ఆపరేషన్ గట్టెక్కినా కవరులో కానుక వేసి ఇస్తే పాస్టరు, అంటే మా అయ్యగారు, ప్రసంగానికి ముందు పేరు చదివి ప్రార్థన చేస్తారు. ఆ వారం అయ్యగారు నా పేరు చదివి, లెక్కల పరీక్షలో గొప్ప విజయం దయచేసినందుకు అన్నారు. సంఘమంతా ఆమేన్ అంది. బావ నా పక్కనే కూర్చున్నాడు, ఆయన ఆమేన్ నా చెవిలో పడింది. ఆ తర్వాత రెండు రోజులకు నా ఫలితం వచ్చింది. బావకు ఏ పేపరు పోయిందో నాకూ అదే పోయింది. మార్కుల్లో తేడా కూడా చెప్పుకోదగ్గది కాదు. ఒకే లింకు మీద నడిచిన రెండు బండ్లు ఒకే చోట ఆగాయి, అంతే. గేటు దగ్గరే నిలబడి చదివి, ముక్కలు చేసి, కాలవలో పారేసి, లోపలికి వెళ్ళి అన్నం తిన్నాను. అమ్మ ఆ రాత్రి బండికే అక్క దగ్గరికి బయల్దేరుతోంది. ఆవిడ తిరిగి వచ్చాక చెబుదామనుకున్నాను. వచ్చాక, పసిపిల్ల కబుర్లన్నీ అయ్యాక అనుకున్నాను.

ఇంతవరకు జరిగింది పొరపాటు. దీనికి నన్ను క్షమించడం కష్టం కాదనుకుంటాను. తర్వాత జరిగింది వేరు.

కొన్ని వారాలకు వర్క్‌షాపులో హెల్పర్లను తీసుకుంటున్నారని తెలిసింది. మావయ్య బావను చేరమన్నాడు. బావ ఒక మధ్యాహ్నం తన పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని మా వరండాకు వచ్చాడు. ముందు ఊరికే కూర్చున్నాడు. తర్వాత అడిగాడు: “నువ్వు సెప్పు. ఇద్దరం ఒకేలాగ సదివినాం. నీకందినాది, నాకు అందలేదు. మల్లీ రాయనా, మానీనా? నువ్వేటంటే అదే.”

ఆయన నిజంగానే అడిగాడు. నేను రాయమంటే ఆ సంచి తిరిగి వాళ్ళింటికి వెళ్ళేది. నాకూ పోయింది బావా, ఇద్దరం కలిసి ఇంకోసారి రాద్దాం అన్న మాట నా గొంతుదాకా వచ్చింది. అంటే అమ్మ కృతజ్ఞత, నాన్న సందేశ్, అయ్యగారి ప్రార్థన, బావ స్వయంగా పలికిన ఆమేన్, అన్నీ ఒకేసారి వెనక్కి తీసుకోవాలి. “నీ ఇష్టం బావా,” అన్నాను.

బావ తల ఊపి, సంచి నా దగ్గరే వదిలేశాడు. పెద్ద పరీక్షలకు నీకు పనికొస్తాయేమో ఉంచుకో అన్నాడు. మరుసటి నెల నుంచి సైరన్ కూసినప్పుడు గేటులోకి వెళ్ళే సైకిళ్ళలో ఆయనదీ ఒకటి అయింది.

నేను ఆ పరీక్ష మళ్ళీ రాయాలి కదా. పాసైతే అబద్ధం దానంతటదే నిజమైపోతుందని నా ఆశ. కానీ ఊరంతా పాసయ్యాడనుకుంటున్న పరీక్షకు ఊళ్ళో కూర్చుని చదవడమెలా? మొదటి గ్రూపు పుస్తకం చేతిలో కనబడితే ఎవరైనా అడుగుతారు. ఇంట్లో కుదరదు. బావ వరండా ఇక లేదు. స్టేషన్‌లో వెయిటింగ్ హాలుకు వెళితే టికెట్ కలెక్టరు మా చర్చి మనిషే. ఊరి బయట సాలువా దారిలో పొలాల వైపు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి ఒక గట్టు మీద కూర్చుంటే, పోలీసు క్యాంపు జవాను వచ్చి ఇక్కడేం పని అన్నాడు. కంపెనీ చట్టం చదువుకుంటున్నానంటే నమ్మలేదు. అప్పుడు నేనూ ఒక ప్లాను వేసుకున్నాను. ఎప్పుడు ఏం చదవాలన్నది అందులో లేదు, ఎక్కడ కనబడకూడదన్నదే ఉంది.

చివరికి ఝపటాపూర్‌లో ఒక హోమియోపతి డాక్టరు గారి బయటి గది దొరికింది. అక్కడంతా బెంగాలీలే, మా వాళ్ళెవరూ రారు. బల్లల మీద మనుషులు గంటల తరబడి కూర్చుంటారు, ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు. పుస్తకానికి అట్ట వేసుకుని మూలన కూర్చుని చదివేవాణ్ణి. కొన్నాళ్ళకు మందులు కట్టే కాంపౌండరు జాలిపడి నా దగ్గరికి వచ్చి, దాదా, రోజూ వస్తారు, డాక్టరు గారిని మాత్రం చూడరు, చెప్పుకోలేని జబ్బా అని చెవిలో అడిగాడు. కాదన్నాను. ఆయన అవునన్నట్టుగానే తల ఊపాడు. ఎలా తెలిసిందో గానీ నేను అక్కడికి తిరుగుతున్న సంగతి పిన్నికి తెలిసింది, ఆవిడ నుంచి అమ్మకు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అమ్మ నా ఆరోగ్యం కోసం కన్నీళ్ళు పెట్టుకుంది. లేని పాసుకు కృతజ్ఞత, లేని జబ్బుకు స్వస్థత, రెండూ నా పేరు మీద దేవుడికి చేరాయి. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. అప్పుడు ఆ బల్ల మీద, మందు సీసాల వాసన మధ్య, దగ్గుతున్న మనుషుల పక్కన, పెదవులు కదిపే మనిషి లేక, సరిపోయిన అంకెకు తల మీద తట్టేవాడు లేక కూర్చోవడం నవ్వులాట కాదు. ఒంటరితనం అంటే చుట్టూ మనుషులు లేకపోవడం కాదని అక్కడే నేర్చుకున్నాను. ఎవరిదో ఆడిటు పని దొరికిందని ఇంట్లో అబద్ధం చెప్పి కలకత్తా వెళ్ళి మళ్ళీ రాశాను. పోయింది. ఇంకోసారి రాశాను. అదీ పోయింది. ఆ తర్వాత అట్ట వేసిన పుస్తకాలు పెట్టెలో పెట్టేశాను.

పాసైనవాడు పెద్ద కంపెనీకి వెళ్ళకుండా గోల్ బజార్‌లో ఇనప సామాన్ల దుకాణంలో లెక్కలు రాస్తున్నాడేమిటని జనం అడగాలి. అడిగారు కూడా. దానికి అమ్మే జవాబు చెప్పింది. మా కోసం ఉండిపోయాడు, బయట ఎన్నో పిలుపులొచ్చినా పోలేదు అంది. ఆవిడ మనసారా నమ్మే అంది. దాంతో నేను చదువుకున్నవాణ్ణే కాక త్యాగం చేసినవాణ్ణి కూడా అయ్యాను. పెళ్ళి సంబంధాలు ఆ పేరు మీదే వచ్చాయి. ఒక పిల్ల తండ్రి, విజయనగరంలో మేష్టారు, సర్టిఫికెట్టు ఒకసారి చూస్తానన్నాడు, చదువంటే ఉన్న గౌరవం కొద్దీ. ఆ సంబంధం నాకు నచ్చలేదని చెప్పించాను. నిజానికి ఆ అమ్మాయి నాకు బాగా నచ్చింది. తర్వాతవాటికి కారణాలు చెప్పే శ్రమ కూడా పడలేదు. నాన్న పోయాడు, ఆ తర్వాత అమ్మ. ఒక్కణ్ణే మిగిలి ఝపటాపూర్ వచ్చాను. అమ్మ పోయాక చెప్పేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అప్పటికి ఎవరికి చెప్పాలో, ఎవరడిగారని చెప్పాలో తెలియలేదు. బావ సంతోషంగానే ఉన్నాడనుకున్నాను. ప్రమోషన్లు వచ్చాయి, పెళ్ళయింది, కూతురు పుట్టింది. పండక్కి పిలిచేవాడు. చదువుకునే పిల్లలెవరైనా ఉంటే, మా బామ్మర్దిని అడగండి, వాడు చెబుతాడు ఎలా చదవాలో అని నా దగ్గరికి పంపేవాడు. వాళ్ళకు నేను బావ వేసిన లింకే చెప్పేవాణ్ణి, లాను కొంచెం ముందుకు జరిపి. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు పాసయ్యారు కూడా.

తనకు బుర్ర తక్కువని ఆయన ఇన్నాళ్ళూ నమ్ముతున్నాడని, ఆ నమ్మకాన్ని కూతురికి కూడా అందించాడని మొన్న ఆ పిల్ల చెప్పేదాకా నేను ఆలోచించలేదు. ఆలోచించలేదని రాయడం కూడా నిజం కాదు. ఆలోచన ఆ వైపు పోబోతే పిలిచి వెనక్కి తెచ్చుకునేవాణ్ణి.

ఆదివారం ఆరాధన అయ్యాక బావ ఇంటికి వెళ్ళాను. ఆయన ఇప్పటికీ ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్‌లోనే ఉన్నాడు, రిటైరవడానికి ఇంకా కొంత సమయముంది. వరండాలో పీట మీద కూర్చుని గిన్నెలో రొయ్యలు వలుస్తున్నాడు. ఆదివారం ఆ పని ఆయనదే, అక్కను చేయనివ్వడు. అక్కంటే ఆయన భార్య. నన్ను చూసి, “రా, సమయానికొచ్చినావు, తిని పోదువు,” అన్నాడు. మేనకోడలు కోచింగు క్లాసుకు వెళ్ళిందట. నేను మెట్టు మీద కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. కుళాయి దగ్గర పిన్ని అడిగిన మాట చెప్పినప్పుడు బావ పెద్దగా నవ్వాడు. “ఓరి నీ ఇల్లు బంగారం గానూ, ఆ పాసా,” అన్నాడు. నా ఫలితం సంగతి చెప్పినప్పుడు చేతులు ఆగిపోయాయి.

“లా లోనేనా?”

“లా లోనే.”

“నీకెప్పుడు తెలిసినాది?”

“అమ్మ పెయానమైన రోజే.”

ఆయన ఒక రొయ్య తీసుకున్నాడు, వలవలేదు. “అయితే నాను సంచట్టుకుని మీ ఇంటికొచ్చిన రోజుకి నీకు తెలుసు.”

“తెలుసు.”

“నిన్నడిగినాను.”

“అడిగినావు.”

“నీ ఇష్టం అన్నావు.”

అక్క లోపలినుంచి టీ తెచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసులు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. బావ చేతిలోది గిన్నెలో వేసి, చేతులు కడుక్కుని, తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన గొంతు మామూలుగానే ఉంది.

“మల్లీ రాసీవోణ్ణిరా. పాసైనా అవకపోయినా, ఇంకోపాలి రాసీవోణ్ణి. ఎదవ బుర్ర నాది, ఇది సాలదు అని ఇన్నేళ్ళూ నాకు నానే సెప్పుకున్నాను. పిల్లకీ సెప్పినాను.”

తువ్వాలు భుజాన వేసుకుని మళ్ళీ అన్నాడు: “మీ అమ్మ గుళ్ళో అందరి ముందరా సెప్పించినాది. మరి ఇది నువ్వెక్కడ సెప్తావు?”

అందుకే ఇది రాస్తున్నాను. అయ్యగారు మారారు, ఆ రోజు ఆమేన్ అన్నవాళ్ళలో చాలామంది లేరు. ఉన్నవాళ్ళు చదివితే చదువుతారు. మా బావకు బుర్ర తక్కువ కాదు. ఆయనా నేనూ ఒకే పరీక్ష ఒకేలా తప్పాం. తేడా అల్లా, తప్పానని ఆయన ఒప్పుకున్నాడు, నేను ఒప్పుకోలేదు. రెండోసారి రాయడానికి ఆయనకున్న హక్కును నేను రెండు మాటలతో తీసేసుకున్నాను.

లేచేటప్పుడు, మేనకోడలికి నేనే చెప్పనా అని అడిగాను. “వొద్దు. నా పిల్లకి నాను సెప్పుకుంటాను,” అన్నాడు బావ. తర్వాత గ్లాసు వైపు చూపించి, “టీ తాగెల్లు,” అన్నాడు. తాగాను. చల్లారిపోయింది. భోజనానికి ఉండమని మళ్ళీ అనలేదు.

తర్వాతి ఆదివారం ఆయన చర్చిలో ఇంకో వరస బల్ల మీద కూర్చున్నాడు. ఆ తర్వాతి వారం కూడా. నిన్న మేనకోడలు ఫోన్ చేసింది. నాన్న అంతా చెప్పాడంది. నా మీద కోపముందో లేదో గొంతును బట్టి తెలియలేదు, అడగడానికి ధైర్యం చాలలేదు. ప్లాను ఎలా సాగుతోందని అడిగాను. కొంచెం తటపటాయించి చెప్పింది: డ్యూటీ నుంచి వచ్చాక నాన్న ఆ పిల్ల పుస్తకాలు తీసి చదువుతున్నాడట. కళ్ళజోడు పెట్టుకుని, పెన్సిలు చేత పట్టుకుని, వరండాలో ఒక్కడే కూర్చుని మొదటి అధ్యాయం నుంచి లెక్కలు చేస్తున్నాడట. నీకెందుకు నాన్నా ఇప్పుడు అంటే, ఊరికే, అందుద్దో లేదో సూస్తన్నాను అంటాడట. నిన్న ఒక లెక్క సరిపోయిందట. ఎవరినీ పిలవలేదట, చాలాసేపు ఆ పేజీ అలాగే తెరిచి ఉంచుకుని కూర్చున్నాడట.

ఫోన్ పెట్టేశాక కిటికీ దగ్గర నిలబడ్డాను. చెప్పేశాక నాకు ప్రాణం తేలికపడిన మాట నిజం. దాచుకున్న ఇన్నేళ్ళూ నాకు చెప్పిన ఆ ఆదివారంతో ముగిసిపోయాయి. ఆ ఏళ్ళలో ఏం పోయిందో బావకు మాత్రం ఆ ఆదివారం నుంచే లెక్కకు రావడం మొదలైంది.